నొప్పి లేని కాలు

ఇసికేలి ఊళ్ళో పనులు పురమాయించే పెద్ద. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, ఇవాళ బాట మీద గడ్డి కోయాలి, రేపు చర్చి గోడలకి సున్నం వేయాలి అని కేకేసి చెప్పడం అతని పని. రేవా ఏటి పక్కనున్న ఆ ఊళ్ళో అతని గొంతు వినకుండా పొయ్యి అంటించిన ఆడది లేదు. అలాంటి మనిషి ఆ వానాకాలం పొద్దున లేచి కాలు కింద మోపేసరికి మొహం వంకర పెట్టడం మొదలుపెట్టాడు. మడమలో మేకు దిగినట్టుందనేవాడు. అరికాళ్ళు మంటలనేవాడు. గడప దాకా గోడ పట్టుకుని నడిచి, అక్కణ్ణుంచి ఏమీ ఎరగనట్టు కేకలకి బయల్దేరేవాడు.

అతని పెళ్ళాం విలిమైనా ఇదంతా చూస్తూనే ఉంది. కొబ్బరినూనె కాచి రాసింది, వేడిగుడ్డతో కాపడం పెట్టింది, ఆకులు నూరి కట్టింది. ఆస్పత్రికి వెళ్దామని మాత్రం అనలేదు. అతనికి షుగరుందని నర్సమ్మ చెప్పి ఏళ్ళు గడిచాయి, మాత్రలూ ఇచ్చింది. ఒంట్లో బాగోలేనప్పుడు ఒకటి వేసుకుని, బాగున్నప్పుడు డబ్బాలో దాచుకునే రకం అతను. ఆ డబ్బా మీద దుమ్ము తుడవడం తప్ప విలిమైనా కూడా ఏమీ చేయలేదు. ఆస్పత్రి పేరు చెబితే చాలు, ఆవిడ గుండెల్లో రాయి పడుతుంది.

ఎందుకు పడదు? ఆమె మేనత్త కొడుకు కామినియేలి బొటనవేలి మీద పుండుతో నడుచుకుంటూ వెళ్ళాడు ఆస్పత్రికి. మోకాలి కింద ఏమీ లేకుండా వచ్చాడు. అంతకుముందు పాస్టరు గారి తమ్ముడి పనీ అంతే అయింది. దాంతో ఊళ్ళో ఒక మాట పాతుకుపోయింది, కాలుతో వెళితే కాలు లేకుండా పంపిస్తారని. ఎవడు ఎంత ముదరబెట్టుకుని వెళ్ళాడో ఎవరూ అడగరు. కత్తి పట్టుకున్నవాడిదే తప్పు. మనుషుల బుద్ధి అలా ఏడుస్తుంది, ఏం చేస్తాం? విలిమైనా బుద్ధీ అంతకన్నా గొప్పగా ఏడవలేదు. మొగుణ్ణి ఆ గుమ్మం తొక్కనివ్వకుండా కాపాడుకోవాలి, ఆ కాలు ఇంట్లోనే నయం చేసుకోవాలి. ఆమెకి కావలసిందల్లా అదే.

చేమదుంపలు అమ్ముకోవడానికి నౌసోరి వెళ్ళిన రోజు సంత అయ్యాక ఒక మందుల షాపులోకి వెళ్ళింది. బూట్లలో పరుచుకునే మెత్తలు అక్కడ గోడకి వేలాడుతున్నాయి. మడమ దగ్గర దళసరిగా, మధ్యలో కాస్త ఎత్తుగా, నీలం రంగులో చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి.

"ఎవరికి పెద్దమ్మా?" అంది కౌంటరు దగ్గరి పిల్ల.

"మా ఆయనకి. మడమ నొప్పి."

"ఇవి బాగా పనిచేస్తాయి. చాలామంది పట్టికెళ్తారు. ఆయనకి షుగరేమైనా ఉందా? ఉంటే ముందు నర్సుకి కాళ్ళు చూపించాక వాడండి."

"లేదు," అంది విలిమైనా. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆవిడకే తెలీదు.

ఇంటికొచ్చి పాత గుడ్డబూటు అడుగుని మెత్త మీద పెట్టి, బొగ్గుతో గీత గీసి, వంటకత్తితో చుట్టూ కోసింది. ఒక అంచు కాస్త ఎగుడుదిగుడుగా తెగింది. బూటులో పడితే సర్దుకుంటుందిలే అనుకుంది. పుట్టి బుద్ధెరిగాక చర్చికి తప్ప బూటు తొడగని మనిషి ఇసికేలి. మెత్త పెట్టేసరికి బూటు ఇరుకైంది కూడా. సణుగుతూ తొడుక్కుని వాకిట్లో ఇటూ అటూ నడిచాడు.

"ఎలా ఉంది?"

"గొర్రెపిల్ల మీద నడుస్తున్నట్టుంది," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

నిజం చెప్పుకోవాలి, ఆ మెత్తలు పనిచేశాయి. మడమ పోటు మొదటి వారంలోనే సగానికి దిగింది. ఆ తరవాత మంట తగ్గింది. ఆ తరవాత ఏదీ లేకుండా పోయింది. ఒకనాడు పొద్దున ఇసికేలి గోడ పట్టుకోకుండా గడప దాటాడు, ఆమె పొయ్యి దగ్గర కూర్చుని దేవుడికి దండం పెట్టుకుంది. అతను కేకలకి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ బూటు విప్పి మెత్త తీసి చూపించి మరీ పొగిడాడు. ఊళ్ళో కాళ్ళు నొప్పులని మూలిగే మగాళ్ళు తక్కువేం కాదు. నౌసోరి బస్సెక్కినవాడల్లా వస్తూ వస్తూ ఒక జత చంకన పెట్టుకొచ్చాడు. ఇదంతా తన తెలివేనని విలిమైనా లోలోపల మురిసిపోయింది.

ఆ మురిపెంలోనే సీమపనసకాయ కాల్చి కామినియేలికి పట్టుకెళ్ళింది. అతను అరుగు మీద కూర్చుని కొబ్బరి కోరుతున్నాడు, కర్ర పక్కన ఆనించి ఉంది.

"రా మరదలా. నీ మొగుడు కుర్రాడిలా గంతులేస్తున్నాడట. జాగ్రత్త, ఈ వయసులో నీకో సవతిని తెస్తాడు."

"తెస్తే దుంపలు తవ్వడానికి మనిషి దొరికినట్టే. నీకూ ఓ జత మెత్తలు తేనా బావా?"

"తే. ఒక్క జత తెస్తే నాకు రెండు జతల పెట్టు. ఎడమది ఎలాగూ అరగదు." తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఆ పైన అడిగాడు, "ఇంతకీ నొప్పి తగ్గిందా, పోయిందా?"

"పోయింది. బొత్తిగా లేదంటున్నాడు."

"మంట?"

"అదీ లేదు."

కొబ్బరి కోరే చెయ్యి ఆగింది. "కాలికి చెప్పుంటే ఉన్నట్టు, ఊడితే ఊడినట్టు తెలుస్తోందా?"

విలిమైనాకి మొన్న ఒంటిచెప్పుతో ఇంట్లోకి నడిచొచ్చిన మొగుడు గుర్తొచ్చాడు. రెండో చెప్పు వాకిట్లో బురదలో ఉండిపోయింది. అప్పుడు ఆమె నవ్వింది, మొగుడూ నవ్వాడు.

"ఏంటలా చూస్తావు?" అంది కామినియేలితో.

"నాకూ అలాగే పోయింది మరదలా. చెప్పాపెట్టకుండా పోయింది. ఆ వారమంతా పాటలు పాడుకుంటూ తిరిగాను. మా ఆవిడ సంతోషం పట్టలేక చేపలు వండి పెట్టింది. అది నొప్పి పోవడం కాదు. కాలు పోవడం. షుగరున్న కాలు ముందు లోపల పోతుంది, బయట ఎప్పుడో పోతుంది."

"వాళ్ళు కోస్తే కదా నీది పోయింది."

"కోసేనాటికి అందులో పురుగులున్నాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను. ఆ సంగతి చెప్పుకోడానికి సిగ్గేసి, వాళ్ళే కోసేశారని ఊరంతా చెప్పాను. మీరూ నమ్మారు."

విలిమైనాకి ఒళ్ళు మండిపోయింది. శుభమా అని వస్తే ఈ అపశకునపు మాటలేమిటి? "నీ నోటికి మంచి మాట రాదు బావా," అని పళ్ళెం అక్కడే వదిలేసి లేచి వచ్చేసింది. కానీ మాట వదల్లేదు. ఏటి గట్టు మీద, దుంపల మడిలో, చర్చిలో, ఎక్కడికెళ్తే అక్కడికి వెంట వచ్చింది.

అప్పట్నుంచి మొగుడి మొహం మానేసి మొగుడి కాళ్ళు చూడ్డం మొదలుపెట్టింది. ఆ ఊళ్ళో ఒకరి అరికాలు ఒకరు చూడ్డం మాటలు కాదు. పెద్దవాళ్ళ ముందు కాలు చాపితే తప్పు, అరికాలు చూపిస్తే మరీ తప్పు. మగాళ్ళందరూ కాళ్ళు ముడుచుకుని, నడుముకి చుట్టుకున్న సూలు గుడ్డ పైన కప్పుకుని, యంగోనా గంగాళం చుట్టూ గంటలకొద్దీ కూర్చుంటారు. ఆ వేరు కలిపిన నీళ్ళు తాగితే నాలిక మొద్దుబారుతుంది, ఆ కూర్చోడానికి కాళ్ళూ మొద్దుబారతాయి. లేచేటప్పుడు ఒకడి భుజం ఒకడు పట్టుకుని, "నా కాలెక్కడుందిరా" అని పరాచికాలాడుకుంటూ ఇళ్ళకి పోతారు. కాబట్టి అక్కడ కాలు తిమ్మిరెక్కిందంటే ఎవడికీ దిగులు పుట్టదు. రాత్రి కూటమి బాగా జరిగిందన్నమాట, అంతే.

చర్చి విందు నాడు మగాళ్ళు పంది మాంసం కప్పెట్టి కాల్చిన లోవో గుంట తెరుస్తున్నారు. పైన ఆకులు లాగేసి, కాలిన రాళ్ళు పక్కకి దొర్లిస్తున్నారు. ఇసికేలి బూట్లు విప్పి, సూలు ఎగ్గట్టి, ఉత్తకాళ్ళతో నిలబడి అందరికీ పనులు చెబుతున్నాడు. విలిమైనాకి ముందు వాసన వచ్చింది. పంది మాంసం వాసన కాదు, వెంట్రుక కాలిన కంపు. చూస్తే మొగుడి మడమ కింది నుంచి సన్నగా పొగ లేస్తోంది. అతను ఎవరితోనో ఏదో చెప్పి నవ్వుతున్నాడు.

"కాలు తియ్యి," అంది ఆమె. అతను వినిపించుకోలేదు. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టి లాగింది.

అతను కిందికి చూసి, "ఓ," అని, చెప్పులో ఇసుక దులుపుకున్నంత తేలిగ్గా నిప్పు దులుపుకున్నాడు.

"అది అరికాలు కాదురా, తాబేటి డిప్ప," అన్నాడొకడు. అందరూ గొల్లుమన్నారు.

"నిన్నటి యంగోనా ఇంకా దిగలేదు," అన్నాడు ఇసికేలి, కాస్త గర్వంగానే.

విలిమైనా ఒక్కతే నవ్వలేదు. విందులో కూడు ముట్టలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి, ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేసి ఇసికేలి చాప మీద వాలాడు. బూట్లు బయట మెట్టు మీద ఉన్నాయి. గిన్నెలు కడుక్కుని వచ్చేసరికి కుక్క ఎడమ బూటులో మూతి దూర్చి నాకుతోంది. అదిలిస్తే తోకాడించి మళ్ళీ మూతి దూర్చింది. విలిమైనా బూటు లాక్కుని లోపలి మెత్త బయటికి తీసింది. నీలం రంగు మెత్త మీద ముందువైపు గోధుమరంగు మరక, చెయ్యి పెడితే జిగురు. తను ఎగుడుదిగుడుగా కోసిన అంచు మడతపడి, ఎండి, చెక్కలా గట్టిపడి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేదు, చేతిలో ఉండగానే కంపు తెలిసింది.

లోపలికెళ్ళి మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుంది. గురక పెడుతున్నాడు. ఎడమ అరికాలు పట్టుకుని వెలుతురుకి తిప్పింది. వేళ్ళ మొదట్లో ఒక గుంట. చుట్టూ తెల్లగా నానిన చర్మం, లోపల ఎరుపు, ఎరుపు నడుమ ఏదో పసుపు. బొటనవేలు పడుతుంది అందులో. కాలు నీరు పట్టి నున్నగా మెరుస్తోంది. ఆమె పుండు పక్కన వేలితో నొక్కింది. ఇంకాస్త గట్టిగా నొక్కింది. గురక లయ తప్పలేదు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారు చూశారూ, తన చేత్తో తనే వేసింది ఆ మందు. ఆమెకి ఏడుపు రాలేదు, చలి వేసింది.

లేపి చెప్పింది. అతను పొట్ట అడ్డం వస్తుంటే వంగి చూడబోయి మానేశాడు.

"నొప్పి లేదు కదే."

"నొప్పి లేకపోవడమే రోగమట. బావ చెప్పాడు."

"ఒంటికాలి మనిషికి అందరి కాళ్ళ మీదా ఏడుపే. నొప్పుందంటే ఏడ్చావు, పోయిందంటే ఏడుస్తున్నావు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఆస్పత్రికి పోదాం పద. ఇవాళే పోదాం."

ఇసికేలి లేచి కూర్చున్నాడు. "ఆ మాట నువ్వంటున్నావా? ఆ గుమ్మం తొక్కితే నరికేస్తారని నాకు నూరిపోసిందెవరు? పెద్ద పెద్ద పుండ్లు ఆకుపసరుతో మానలేదా మన తాతలకి? నేను పోను విలీ. రెండు కాళ్ళతోనే పోతాను పైకి, నీకేం భయం లేదు."

తను నాటిన చెట్టు, కాయలు చేదంటే ఎవరు వింటారు? అతను పుండులో గుడ్డపీలిక కుక్కి, మెత్త బూటులో పెట్టుకుని, రేపు సాయంత్రం ఊరి సభ అని చాటడానికి బయల్దేరాడు. ఆ గొంతు ఒక్కో ఇల్లూ దాటి దూరమవుతుంటే గుమ్మంలో నిలబడి వింది. ఎడమ అడుగు మీద బరువంతా ఆనించి, ఏమీ లేనట్టు నడుస్తున్నాడు.

అతను మాట జవదాటని మనిషి ఈ భూమ్మీద ఒక్కడే, ఊరి దొర రాతూ ఎపేలి. ఆయన పొమ్మంటే ఇసికేలి ఏట్లోకైనా పోతాడు, ఆస్పత్రి ఒక లెక్కా? కానీ రాతూ ముందుకి ఏ విన్నపమైనా పనులు పురమాయించే పెద్ద చేతుల మీదుగానే వెళ్ళాలి. అది అక్కడి మర్యాద. మొగుడి మీద ఫిర్యాదు మొగుడి చేతే మోయించాలి, చూశారా ఆవిడ తిప్పలు. పోనీ సభలో చెబుదామంటే యంగోనా మొదలయ్యాక ఎవడి కాలికీ స్పర్శ ఉండదు, తిమ్మిరి అని నవ్వి పారేస్తారు. ఇక మిగిలింది ఒక్కటే అదను. సభ కూర్చోవాలి, యంగోనా మొదటి చిప్ప ఇంకా పోసి ఉండకూడదు.

సోమవారం సాయంత్రం సభాశాల ముందున్న నిమ్మచెట్టు నుంచి ఒక ముల్లు విరిచి సూలు అంచున చుట్టుకుని లోపలికి వెళ్ళింది. మొగలాకు చాపల మీద మగాళ్ళు వరస తప్పకుండా కూర్చున్నారు. అటు చివర రాతూ ఎపేలి. తెల్లటి జుట్టు, నిటారుగా కూర్చునే మనిషి. ఆయనకి కాస్త ఇవతల ఇసికేలి. ఆడవాళ్ళు తలుపు దగ్గర. గంగాళంలో యంగోనా పిసుకుతున్నవాడు చేతులు ఎత్తాడు, నీళ్ళు చిక్కబడ్డాయి, కొబ్బరిచిప్ప తుడుస్తున్నారు.

విలిమైనా లేచింది. వంగిపోయి, "తిలో, తిలో," అని క్షమాపణలు చెప్పుకుంటూ మగాళ్ళ వరస మధ్యలోంచి నడిచింది. ఎవరో సూలు అంచు పట్టి లాగారు. విదిలించుకుంది. మొగుడి పక్కన మోకాళ్ళ మీద కూలబడి, అతని ఎడమకాలు మడమ పట్టుకుని సూలు కిందినుంచి బయటికి లాగి, అరికాలు రాతూ మొహానికి ఎదురుగా తిప్పింది.

గుడ్డపీలిక ఊడి చాప మీద పడింది. కంపు మెల్లగా పాకింది.

"పిచ్చెక్కిందా నీకు," అన్నాడు ఇసికేలి పళ్ళ బిగువున. కాలు వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"రాతూ, తప్పు నాదే, శిక్ష తరవాత వేయండి," అంది. "ఈ మనిషి కాలు చచ్చిపోతోంది. ఆస్పత్రికి రానంటున్నాడు. మీరు పొమ్మంటే పోతాడు. నొప్పి లేదంటాడు, నొప్పి లేకపోవడమే దీని రోగం. ఇదిగో చూడండి." ముల్లు తీసి అతని మడమలో గుచ్చింది. ఇసికేలి మొహం కోపంతో ఎర్రబడి ఉంది, ఆ మొహంలో ఇంకేమీ మారలేదు.

"తిమ్మిరి రాతూ," అన్నాడతను. "కూర్చుంటే ఎవరికి ఎక్కదు?"

"ఎవరికెక్కదు," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"మనం కూర్చుని ఎంతసేపయింది?" అన్నాడు రాతూ ఎపేలి. "చిప్ప కూడా ముంచలేదు." ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. కాసేపు ఆ పుండు వంక చూశాడు. తరవాత ఇసికేలి వంక చూశాడు, బడిలో మొండికేసిన పిల్లాణ్ణి చూసినట్టు. "నీకు మాటతో చెబితే ఎక్కదు ఇసికేలి. నీకంటే ముసలివాణ్ణి నేను. బాగున్న కాలు ఎలా ఉంటుందో నన్ను చూసి తెలుసుకో."

అని సూలు సర్దుకుని, తన కుడికాలు తనే చాపాడు. ఆ ఊళ్ళో ఏ తరం వాళ్ళూ దొర అరికాలు చూసి ఎరగరు. మగాళ్ళు చప్పున తలలు దించేసుకున్నారు.

"గుచ్చు తల్లీ. నేను అరుస్తాను, ఇతను వింటాడు. ఆ తరవాత ఆస్పత్రికి లారీ తీయిద్దాం."

విలిమైనా ముందుకి జరిగింది. ముల్లు మొగుడి మడమలోంచి పీకి, సూలుకి తుడిచి, రాతూ అరికాలి దగ్గర పెట్టింది. కళ్ళు మూసుకుని నొక్కింది.

బయట ఎవరిదో కోడి కూసింది.

"కానీ తల్లీ," అన్నాడు రాతూ నిమ్మళంగా. "నన్ను చూసి జంకకు. గుచ్చు."

ఆమె కళ్ళు తెరిచింది. ముల్లు సగం దాకా దిగి అలాగే నిలబడి ఉంది. అంచున నెత్తురు బొట్టు కట్టింది. తన కాలు సంగతి మరిచి ముందుకి వంగి చూసిన ఇసికేలి మొహంలో కోపం ఎటు పోయిందో పోయింది.

"రాతూ," అన్నాడు. ఊరంతా వినేలా కేకేసే ఆ గొంతు పక్కవాడికి కూడా సరిగ్గా వినపడలేదు. "దిగింది రాతూ."

రాతూ ఎపేలి తన కాలు రెండు చేతులా పట్టుకుని తిప్పి చూసుకున్నాడు. ముల్లు తనే పీకి చాప మీద పెట్టాడు.

"లారీ తీయండి," అన్నాడు. "వెనకాల పరుపు వేయండి. ఇద్దరం పడుకోవాలి."

ఇసికేలి ఎదురు చెప్పలేదు. పెళ్ళాం భుజం పట్టుకుని లేచాడు. ఆమె అతని బరువు మోస్తూ హాలంతా ఒకసారి కలయజూసింది. తను తెచ్చిన మెత్తలు చూసి తామూ తెచ్చుకున్న మగాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కడూ ఆమె కళ్ళలోకి చూడలేదు. అందరూ సూలు అంచులు లాక్కుని, కాళ్ళు ఇంకాస్త లోపలికి ముడుచుకున్నారు.